రెండు సగట్లు పక్కపక్కన పెడితే చాలదు: చోడి దిగుబడి తేడాను డేటాబేస్‌లో పరీక్షించడం ఎలా?

పంట కోత ప్రయోగం ఎలా చేయాలో వీడియోల్లో చూస్తున్నారు కదా. తాడు కట్టడం, మడి కోయడం, నూర్చడం, తూకం వేయడం వరకు బాగానే ఉంది. ఆ తర్వాత ట్యాబ్‌లోకి ఎక్కిన అంకెలతో ఏం చేయాలన్నదే ఈ పాఠం. అరకు, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పాడేరు వైపు ఊళ్లలో పనిచేసే కార్యకర్తలను, లెక్కలు చూసే కుర్రాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. కూడికలు, భాగహారాలు వస్తే చాలు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఈ లెక్క ఎందుకు?

ఊళ్లో మీటింగ్ పెడతాం. "ప్రకృతి వ్యవసాయం మడిలో సగటు ఇంత వచ్చింది, మామూలు మడిలో ఇంత వచ్చింది, కాబట్టి ఇదే మేలు" అంటాం. అందరూ చప్పట్లు కొడతారు. వెనక కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం అడుగుతాడు: "బాబూ, మా గరువులో పండేది వేరు, గెడ్డ పక్కన పండేది వేరు. నువ్వు చెప్పిన తేడా మందుదా, భూమిదా?"

ఇది చాలా సరైన ప్రశ్న. స్టాటిస్టిక్స్ అనే శాస్త్రంలో సగం పని ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే. ఒక ఎకరం, అరెకరం మీద ఇంటిల్లిపాది తిండి ఆధారపడిన కుటుంబం మన మాట నమ్మి వచ్చే ఖరీఫ్‌కి పద్ధతి మార్చుకుంటుంది. మనం చూపించిన తేడా గాలివాటంగా వచ్చినదైతే నష్టపోయేది వాళ్లు. తేడా నిజంగా ఉన్నా మనం లెక్క తప్పుగా వేసి "ఏమీ లేదు" అని చెప్పినా నష్టమే. అందుకే రెండు వైపులా జాగ్రత్త కావాలి.

రాష్ట్రస్థాయిలో కూడా ఈ పోలిక జరుగుతోంది. రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంపై విశాఖపట్నంలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ పంట కోత ప్రయోగాలతో అధ్యయనాలు చేసింది. ప్రకృతి వ్యవసాయం చేసే రైతుల పొలాలను, చేయని రైతుల పొలాలను పోల్చింది. అదే పనిని ఊరి స్థాయిలో, మన ట్యాబ్‌లో ఎలా చేయాలో చూద్దాం.

ముందు మడి సరిగా ఉండాలి

చోడి లాంటి పంటకు 5 మీటర్లు × 5 మీటర్ల మడి తీసుకుంటాం. అంటే 25 చదరపు మీటర్లు. ఎకరం దాదాపు 4,047 చదరపు మీటర్లు కాబట్టి మడి దిగుబడిని 162తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది. హెక్టారుకైతే 400తో గుణించాలి.

మడి ఎక్కడ వేయాలన్నది కంటికి నచ్చిన చోటు చూసి నిర్ణయించకూడదు. పొలం మూల నుంచి ఎన్ని అడుగులు లోపలికి, ఎన్ని అడుగులు పక్కకి అన్నది ముందే చీటీలు తీసి గానీ, ర్యాండమ్ నంబర్లు చూసి గానీ నిర్ణయించాలి. మన దేశంలో పంట కోత పద్ధతికి పునాది వేసినవాళ్లలో మహలనోబిస్, సుఖాత్మే ముఖ్యులు. మడి ఎంత పెద్దగా ఉండాలన్న దానిపై ఇద్దరి మధ్య 1940ల్లో పెద్ద వాదనే నడిచింది. మడి మరీ చిన్నదైతే తాడు మీద పడ్డ దుబ్బులను కోతవాళ్లు లోపలికే లెక్కేస్తారు, దిగుబడి ఎక్కువగా కనిపిస్తుంది అన్నది సుఖాత్మే వాదన. మనకు ఇందులో పాఠం ఏంటంటే, తాడు మీద దుబ్బు లోపలా బయటా అన్న నియమం రెండు మడులకూ ఒక్కటే ఉండాలి.

టేబుల్ ఎలా కట్టాలి?

డేటాబేస్‌లో ఒక్కో కోతకు ఒక్కో వరుస. ఈ గడులు తప్పనిసరి: రైతు నంబరు, ఊరు, సంవత్సరం, పంట, రకం, పద్ధతి, మడి వైశాల్యం, ఆరిన గింజ బరువు కిలోల్లో, రిమార్కు.

"ఆరిన" అన్న మాట మర్చిపోవద్దు. ఒక మడి గింజ పచ్చిగా, ఇంకో మడి గింజ నాలుగు రోజులు ఎండాక తూస్తే పోలిక అక్కడే పోయింది. అలాగే కుంచాల్లో, అడ్డల్లో చెప్పిన లెక్కను ఊహించి కిలోల్లోకి మార్చకండి. కుంచం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. తూకం వేసిన అంకే ఎక్కించండి.

అంకెలతో చూద్దాం

కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి మేం వేసుకున్నవి. ఏ ఊరి ఫలితమూ కాదు. ఎనిమిది మంది రైతులు అనుకోండి. ప్రతి రైతు ఒకే చేనును రెండుగా చేసి, ఒక సగంలో ఘనజీవామృతం, ద్రవజీవామృతంతో, రెండో సగంలో తన మామూలు పద్ధతిలో అదే చోడి రకం వేశారు. 25 చదరపు మీటర్ల మడికి వచ్చిన గింజ, కిలోల్లో:

రైతు 1: ప్రకృతి 3.8, మామూలు 3.4, తేడా 0.4
రైతు 2: ప్రకృతి 2.1, మామూలు 1.9, తేడా 0.2
రైతు 3: ప్రకృతి 3.3, మామూలు 2.8, తేడా 0.5
రైతు 4: ప్రకృతి 1.6, మామూలు 1.7, తేడా –0.1
రైతు 5: ప్రకృతి 2.7, మామూలు 2.4, తేడా 0.3
రైతు 6: ప్రకృతి 1.4, మామూలు 1.2, తేడా 0.2
రైతు 7: ప్రకృతి 3.0, మామూలు 2.6, తేడా 0.4
రైతు 8: ప్రకృతి 2.5, మామూలు 2.4, తేడా 0.1

ప్రకృతి సగటు 2.55 కిలోలు, మామూలు సగటు 2.30 కిలోలు. తేడా 0.25 కిలో, అంటే ఎకరాకు దాదాపు 40 కిలోలు. ఇది నమ్మదగ్గ తేడానా?

మొదటి దారి: విడివిడి గుంపులుగా పోల్చడం

డేటాబేస్‌లో పద్ధతి గడి మీద గ్రూప్ బై పెట్టి మూడు విషయాలు అడగండి: కౌంట్, సగటు, విస్తృతి. విస్తృతి అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. ప్రతి అంకె నుంచి సగటు తీసేసి, వర్గం చేసి, అన్నీ కూడి, మొత్తం సంఖ్యలో ఒకటి తగ్గించి భాగిస్తే వస్తుంది.

మనకు ప్రకృతి గుంపు విస్తృతి 0.683, మామూలు గుంపు విస్తృతి 0.471 వస్తుంది. ఇప్పుడు:

ఒక్కో విస్తృతిని 8తో భాగించి కూడితే 0.144. దాని వర్గమూలం 0.38. దీన్ని స్టాండర్డ్ ఎర్రర్ అంటారు. "ఈ తేడా అంచనా ఎంత ఊగిసలాడుతుంది" అన్నదానికి ఇది కొలత. తేడాను దీనితో భాగిస్తే వచ్చేదే టీ విలువ: 0.25 ÷ 0.38 = 0.66.

రెండు గుంపుల చెదురు సమానంగా ఉండాల్సిన పని లేని ఈ పద్ధతిని వెల్చ్ పరీక్ష అంటారు. బి.ఎల్. వెల్చ్ 1947లో ప్రచురించాడు. మన అంకెలకు ఈ పరీక్షలో టీ విలువ సుమారు 2.15 దాటితేనే 5 శాతం స్థాయిలో తేడా ఉందని ఒప్పుకుంటాం. వచ్చింది 0.66. రెండు పద్ధతులకూ అసలు ఏ తేడా లేకపోయినా, ఇంత తేడా గానీ ఇంతకు మించిన తేడా గానీ వందలో యాభై సార్లు ఊరికే కనిపించవచ్చు. కాబట్టి ఈ లెక్క ప్రకారం ఏమీ తేలలేదు.

రెండో దారి: జతగా పోల్చడం

ఒక్క క్షణం ఆగి టేబుల్ మళ్లీ చూడండి. రైతు 1 చేనులో రెండు మడులూ బాగా పండాయి. రైతు 6 చేనులో రెండూ తక్కువే. అంటే అంకెల్లో కనిపించే చెదురులో ఎక్కువ భాగం పద్ధతిది కాదు, భూమిది. గెడ్డ పక్క నేల, కొండవాలు నేల, గరువు ఇవన్నీ కలిసి ఆ చెదురును పెంచాయి. పెద్దాయన అడిగింది కూడా ఇదే కదా.

ఒకే రైతు, ఒకే చేను కాబట్టి, ముందు రైతు రైతుకీ తేడా తీసి, ఆ తేడాల మీదే లెక్క వేయాలి. డేటాబేస్‌లో అదే టేబుల్‌ను రైతు నంబరు, సంవత్సరం, పంట మీద తనతోనే జాయిన్ చేయాలి. ఒక వైపు పద్ధతి "ప్రకృతి" అని, ఇంకో వైపు "మామూలు" అని షరతు పెట్టాలి. అప్పుడు రైతుకు ఒక్క వరుస వస్తుంది. ఆ వరుసలో బరువుల తేడా తీస్తే చాలు.

తేడాల సగటు 0.25. ఇది మారదు. తేడాల విస్తృతి మాత్రం 0.037. దాని వర్గమూలం 0.193. దాన్ని 8 వర్గమూలంతో, అంటే 2.83తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 0.068. టీ విలువ 0.25 ÷ 0.068 = 3.67.

ఎనిమిది జతలకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 7, అంటే జతల సంఖ్యలో ఒకటి తక్కువ. దానికి దాటాల్సిన గీత 2.365. మనది దాటింది. తేడా లేనే లేదనుకుంటే ఇలాంటి ఫలితం వందలో ఒక్కసారి కూడా రాదు.

అవే పదహారు అంకెలు. సగట్లు కూడా అవే. ఒక లెక్కలో ఏమీ తేలలేదు, ఇంకో లెక్కలో గట్టిగా తేలింది. మారింది ఒక్కటే: భూమి తేడాను పక్కకు తీశాం.

అయితే ఇక్కడొక నియమం ఉంది. మనకు నచ్చిన జవాబు ఇచ్చే లెక్కను ఎంచుకోకూడదు. కోత ఎలా జరిగిందో దాన్నిబట్టే లెక్క. ఒకే చేను రెండుగా చేసి ఉంటే జత లెక్క. ఆ ఊరి రైతులది ఒకటి, ఈ ఊరి రైతులది ఒకటి అయితే జత అనేదే లేదు, వెల్చ్ లెక్కే వేయాలి. విడి రైతులను బలవంతంగా జతకట్టి లెక్క వేస్తే అది లెక్క కాదు, గారడీ.

ఈ పరీక్ష కూడా పొలం నుంచే పుట్టింది

టీ పరీక్షను కనిపెట్టిన విలియం గాసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు. అక్కడ బార్లీ ముఖ్యం. వందల పొలాలు కోసే వీలు ఉండదు, నాలుగైదు, పదీ పదకొండు అంకెలతోనే తేల్చాలి. ఆ అవసరం నుంచే 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో వ్యాసం రాశాడు. అందులో ఒక ఉదాహరణ మనకు బాగా దగ్గరగా ఉంటుంది: విత్తే ముందు బట్టీలో ఆరబెట్టిన విత్తనానికీ, ఆరబెట్టని విత్తనానికీ దిగుబడిలో తేడా ఉందా అని 11 జతల మళ్లను పోల్చాడు. మనం బీజామృతం పట్టించిన విత్తనం, పట్టించని విత్తనం పోల్చడం లాంటిదే కదండీ. కొద్దిపాటి అంకెలు ఉన్నంత మాత్రాన లెక్క చెల్లదని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. ఆ కొద్ది అంకెల కోసమే ఈ పరీక్ష పుట్టింది.

5 శాతం స్థాయికి దాటాల్సిన గీతలు

జత లెక్కకు ఈ చిన్న పట్టిక రాసి పెట్టుకోండి.

6 జతలు: 2.571
8 జతలు: 2.365
10 జతలు: 2.262
12 జతలు: 2.201
15 జతలు: 2.145
20 జతలు: 2.093
30 జతలు: 2.045

టీ విలువ ముందు మైనస్ ఉంటే దాన్ని పక్కనపెట్టి అంకెను పోల్చండి. మైనస్ అంటే మామూలు మడి ఎక్కువ పండిందని అర్థం. అది గీత దాటితే ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి.

డేటాబేస్‌లో జారిపడే చోట్లు

1. విస్తృతి ఫంక్షన్ పేరు. పోస్ట్‌గ్రెస్‌లో "వేరియన్స్" అంటే ఒకటి తగ్గించి భాగిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో అదే పేరు పెడితే తగ్గించకుండా భాగిస్తుంది. మన అంకెలకు టీ 3.67 బదులు 3.92 వస్తుంది. రెండింట్లోనూ "వార్ శాంప్" అన్న ఫంక్షన్ వాడితే గొడవ ఉండదు.

2. వరుసలు రెట్టింపు కావడం. కోత టేబుల్‌ను విజిట్ల టేబుల్‌తో జాయిన్ చేశారనుకోండి. ఒక్కో రైతు దగ్గరకు రెండుసార్లు వెళ్లి ఉంటే ప్రతి కోత రెండుసార్లు వస్తుంది. సగటు మారదు కాబట్టి అనుమానం రాదు. టీ మాత్రం 3.67 నుంచి 5.37కి ఎగబాకుతుంది. కొత్తగా ఒక్క గింజ కూడా తూయలేదు, నమ్మకం మాత్రం పెరిగిపోయింది! అందుకే ఎప్పుడూ ముందు కౌంట్ చూడండి. ఎనిమిది మంది రైతులైతే ఎనిమిదే రావాలి.

3. ఒకే చేనులో మూడు మడులు కోయడం. కోయడం మంచిదే, కానీ అవి ముగ్గురు రైతులు కారు. ముందు ఆ మూడింటి సగటు తీసి, రైతుకు ఒక్క అంకె చేసి, తర్వాతే పరీక్ష.

4. సున్నా, ఖాళీ ఒకటి కాదు. పంట ఎండిపోయి గింజ రాకపోతే అది సున్నా, లెక్కలోకి రావాలి. కోతకు వెళ్లలేకపోతే అది ఖాళీ, అంటే నల్. సగటు ఫంక్షన్ నల్‌ను వదిలేస్తుంది, సున్నాను వదలదు. పశువులు మేసేసిన మడి అయితే రిమార్కులో రాసి, జత మొత్తాన్ని పక్కన పెట్టి, ఎన్ని జతలు అలా పోయాయో ఫలితంతో పాటు చెప్పండి.

5. అన్ని పంటలకూ పరీక్ష పెట్టి, గీత దాటినది ఒక్కటే చూపించడం. తేడా ఏమీ లేని ఇరవై పోలికలు చేసినా, సగటున ఒకటి ఊరికే గీత దాటుతుంది. చోడి, సామ, కొర్ర, రాజ్మా, వలిసెలు ఎన్ని చూశారో అన్నీ చెప్పాలి.

ఒరాకిల్ డేటాబేస్ ఉన్నచోట టీ పరీక్ష ఫంక్షన్లు లోపలే ఉన్నాయి, జతకు వేరు, విడి గుంపులకు వేరు. స్ప్రెడ్‌షీట్‌లో అయితే "టీ టెస్ట్" ఫంక్షన్ చివర 1 పెడితే జత లెక్క, 3 పెడితే వెల్చ్ లెక్క. మామూలు ట్యాబ్‌లో కౌంట్, సగటు, విస్తృతి వస్తే చాలు, మిగతాది కాలిక్యులేటర్‌తో అయిపోతుంది.

మన్యంలో ఇంకో మూడు సంగతులు

ఒకటి, "మామూలు పద్ధతి" అంటే ఏంటో రాయండి. కొండ ఊళ్లలో చాలామంది చోడికి యూరియా, డీఏపీ వేయరు. అక్కడ మామూలు అంటే ఏమీ వేయకపోవడం. కింద రోడ్డు పక్క ఊళ్లలో మామూలు అంటే బస్తా ఎరువు. ఈ రెండూ ఒకే పేరుతో టేబుల్‌లోకి ఎక్కితే మనం దేన్ని దేనితో పోల్చామో మనకే తెలియదు.

రెండు, ఒక్క తేడానే ఉండాలి. ప్రకృతి మడిలో గుళి పద్ధతిలో దూరం దూరంగా నాటి, మామూలు మడిలో వెదజల్లితే, వచ్చిన తేడా జీవామృతానిదా, నాటు పద్ధతిదా? ఏ పరీక్షా విడదీయలేదు.

మూడు, ఏ సగానికి ఏ పద్ధతి అన్నది బొమ్మా బొరుసూ వేసి నిర్ణయించండి. రైతును అడిగితే ఇంటికి దగ్గరగా, పెంట బాగా పడిన సగాన్నే కొత్త పద్ధతికి ఇస్తారు. మనమీద అభిమానంతోనే ఇస్తారు, కానీ లెక్క ఆ అభిమానాన్నే కొలుస్తుంది.

ఊళ్లో ఎలా చెప్పాలి?

"టీ విలువ 3.67" అంటే ఎవరికీ పట్టదు. తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పండి. స్టాండర్డ్ ఎర్రర్‌ను గీత అంకెతో గుణిస్తే 0.16. సగటు తేడా 0.25 నుంచి అది తీసేసి ఒకటి, కలిపి ఒకటి లెక్క వేస్తే మడికి 0.09 నుంచి 0.41 కిలో. ఎకరాకు సుమారు 14 నుంచి 67 కిలోలు.

ఇప్పుడు ఇలా చెప్పొచ్చు: "అక్కా, ఈ ఏడు మన ఊళ్లో ఎనిమిది చేలల్లో చూశాం. ఏడు చేలల్లో ప్రకృతి సగం ఎక్కువ పండింది, ఒక చేనులో కొంచెం తగ్గింది. సగటున ఎకరాకు నలభై కిలోల దాకా ఎక్కువ. పద్నాలుగే కావచ్చు, అరవై ఏడు కావచ్చు. ఒక్క ఏడాది వానలోనే చూశాం, వచ్చే ఏడు మళ్లీ చూద్దాం."

ఒకవేళ గీత దాటకపోతే "రెండూ సమానమే" అనకండి. "ఈ కోతలతో తేలలేదు" అనండి. తేలకపోవడం వేరు, సమానం కావడం వేరు. దిగుబడి తేలకపోయినా ఖర్చు లెక్క మిగిలే ఉంటుంది. రైతుకు చివరకు మిగిలేది ఎంతో ఇదే జత పద్ధతిలో చూడొచ్చు: దిగుబడి గడి బదులు ఖర్చు పోను మిగిలిన డబ్బు గడి పెట్టండి, లెక్క అంతా ఇదే.

గుర్తుపెట్టుకోవాల్సినవి

- సగటుతో పాటు కౌంట్, విస్తృతి లేకపోతే ఆ సగటు మీద మాట్లాడొద్దు.
- కొండ ప్రాంతంలో చేను చేనుకీ నేల మారుతుంది కాబట్టి, వీలైనంత వరకు ఒకే చేనును రెండుగా చేసి జతగా పోల్చండి.
- జతా, విడా అన్నది విత్తే ముందే రాసి పెట్టుకోండి. అంకెలు చూశాక మార్చొద్దు.
- గీత దాటినా దాటకపోయినా, తేడా ఎంత నుంచి ఎంతో కిలోల్లో చెప్పండి.

చోడి కోతలు మొదలయ్యేలోపు పైన ఇచ్చిన ఎనిమిది వరుసలు మీ ట్యాబ్‌లో ఎక్కించి చూడండి. విడి లెక్కలో 0.66, జత లెక్కలో 3.67 వచ్చాయంటే మీ డేటాబేస్ సిద్ధం. ఇక తాడు, కొడవలి పట్టుకుని చేలోకి దిగొచ్చు.